ఫైటర్ చేప ట్యాంకు: రోహిణి ఎండలోనూ సంక్రాంతి చలిలోనూ నీళ్ల వేడి నిలకడగా ఉంచడం ఎలా?

ఉగాది దాటితే చాలు, చేపలు పెంచే వాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: "నీళ్లు బాగా వేడెక్కుతున్నాయి, ట్యాంకులో ఐసు ముక్కలు వేయొచ్చా?" సంక్రాంతి ముందు ప్రశ్న మారుతుంది: "చేప అడుగున పడుకుని కదలడం లేదు, ఏం చేయాలి?" కర్నూలు నుంచి, అనంతపురం నుంచి, కడప నుంచి ఏటా ఇవే రెండు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే, ఇంట్లో పక్కన పెట్టుకుని చూసుకునేలా అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు నాలుగు అంకెలు. ఫైటర్ చేప, అంటే బెట్టా, థాయిలాండ్ వరి మడుల్లో, లోతు లేని కుంటల్లో పుట్టిన జాతి. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. దానికి హాయిగా ఉండే నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలు. 30 వరకు తట్టుకుంటుంది. 32 దాటితే మీరు ఏదో ఒకటి చేయాలి. 22 కంటే తగ్గితే మందగిస్తుంది, తిండి అరగదు. 20 కంటే కిందికి పోతే ప్రాణానికే ముప్పు.

వీటన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. మన ఊళ్లలో ఫైటర్ చేపల్ని ఎక్కువగా చంపేది ఎండ కాదు, చలి కాదు. గబుక్కున వచ్చే మార్పు. 29 డిగ్రీల్లో నెలంతా నిలకడగా ఉన్న చేప బాగానే ఉంటుంది. పొద్దున 24, మధ్యాహ్నం 32, రాత్రి కూలర్ గాలికి మళ్లీ 25 అయితే వారం తిరక్కుండా జబ్బు పడుతుంది. గంటకు ఒక డిగ్రీ, రోజు మొత్తం మీద రెండు డిగ్రీలు. మార్పు ఇంతకు మించకుండా చూసుకోండి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, తీరిక దొరికింది కదా అని సగం నీళ్లు తీసేసి కొళాయి నీళ్లు పోశాను. చేత్తో ముట్టుకుంటే "కొంచెం వెచ్చగా ఉన్నాయిలే" అనిపించింది. చేప ఒక్కసారి గిరగిరా తిరిగింది, తర్వాత మూలకు పోయి ఒక పక్కకు ఒరిగింది. సాయంత్రానికి పోయింది. మర్నాడు అదే వేళకు అదే కొళాయి నీళ్లు బకెట్‌లో పట్టి థర్మామీటర్ పెట్టాను: 41 డిగ్రీలు. మిద్దె మీది నల్ల ట్యాంకు పొద్దుటి నుంచి ఎండలో కాగి, ఆ నీళ్లే నేరుగా కొళాయికి వచ్చాయి. నీలం రంగు చేప అది. నా చెయ్యి నాకు అబద్ధం చెప్పింది, నేను నమ్మాను.

కావాల్సినవి

- 20 లీటర్లు లేదా అంతకంటే పెద్ద గాజు ట్యాంకు
- అక్వేరియం థర్మామీటర్ (గాజుకు అంటించే స్టిక్కర్ రకం కాదు, నీళ్లలో మునిగేది)
- మూత లేని బకెట్లు రెండు, చేపల కోసమే కేటాయించినవి
- అర అంగుళం థర్మకోల్ షీటు
- దోమల జాలీ ముక్క
- యూఎస్‌బీతో నడిచే చిన్న ఫ్యాను, ఒక పవర్ బ్యాంకు
- 200 మిల్లీలీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు నాలుగు
- థర్మోస్టాట్ (పెట్టిన వేడికి రాగానే హీటర్‌ను దానంతటదే ఆపేసే భాగం) ఉన్న హీటర్, 25 వాట్లది (చలికాలానికి)
- ఒక నోటుబుక్కు

ఇవన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. థర్మామీటర్ మాత్రం ఇవాళే కొనండి. అది లేకుండా కింద రాసినవేవీ చేయొద్దు.

1. చోటు చూసుకోండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. మిద్దె కప్పు కాగే పై అంతస్తు కంటే కింది అంతస్తు మేలు. పడమటి గోడ సాయంత్రం ఎండ తాగి రాత్రి పది దాకా వేడి వదులుతుంది. దాన్ని వదిలేసి లోపలి గోడ, వీలైతే ఉత్తరం వైపు గోడ చూడండి. కిటికీ పక్కన, ఫ్రిజ్ మీద, ఇన్వర్టర్ దగ్గర, వంటింట్లో పెట్టొద్దు.

మన ఇళ్లలో గోడకు కడప బండల అరలు ఉంటాయి. ట్యాంకు అక్కడ పెట్టాలని చాలామందికి ఉంటుంది, నాకూ ఉండింది. అర బలంగా ఉంటే పెట్టుకోవచ్చు (20 లీటర్ల ట్యాంకు గాజు, గులకరాళ్లతో కలిపి 25 కిలోలు దాటుతుంది), కానీ బండకూ ట్యాంకుకూ మధ్య థర్మకోల్ తప్పనిసరి. బండ చలికాలం రాత్రి నీళ్ల వేడిని లాగేస్తుంది, ఆ బండే ఎండ తగిలే గోడలోది అయితే వేసవిలో వేడిని ఎక్కిస్తుంది. పైగా థర్మకోల్ ఉంటే బండ ఎగుడుదిగుడుకు గాజు పగలదు.

ఏసీ గదిలో పెట్టాలనుకునే వాళ్లకు ఒక మాట. రాత్రి 22లో ఏసీ, పగలు ఆపేస్తే గది 36. చేపకు ఇంతకంటే చెడ్డ చోటు లేదు. హాల్లో పెట్టండి. ఆ గది తప్ప వేరే దారి లేకపోతే, వేసవిలో కూడా హీటర్ 26 దగ్గర పెట్టి ఉంచండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ రాత్రిపూట పడిపోవడాన్ని అదే ఆపుతుంది.

2. గాజు గిన్నె వద్దు

షాపుల్లో ఫైటర్‌ను చిన్న సీసాలో, గాజు గిన్నెలో చూపిస్తారు. అది అమ్మడానికి, బతకడానికి కాదు. చెంబు నీళ్లు కాగడానికి ఎంతసేపు పడుతుంది, గంగాళం కాగడానికి ఎంతసేపు పడుతుంది? ఇక్కడా అంతే. రెండు లీటర్ల గిన్నె గది ఎలా మారితే అలా మారిపోతుంది. 20 లీటర్లు నెమ్మదిగా మారతాయి, మీకు సరిచేసుకునే వ్యవధి ఇస్తాయి.

ట్యాంకు వెనక, రెండు పక్కల, అడుగున థర్మకోల్ అంటించండి. ముందు వైపు మాత్రం వదిలేయండి, చేపను చూసుకోవాలి కదా. ఇది చలికాలానికే అనుకుంటారు. మే నెల మధ్యాహ్నం కూడా వేడి లోపలికి చొరబడడాన్ని ఇదే ఆలస్యం చేస్తుంది.

3. థర్మామీటర్‌ను పరీక్షించి, మూడు రోజులు రాయండి

గ్లాసులో ఐసు నలగ్గొట్టి వేసి, అది మునిగేంత నీళ్లు పోసి బాగా కలపండి. థర్మామీటర్ అందులో ఐదు నిమిషాలు ఉంచితే సున్నా దగ్గర ఉండాలి. రెండు చూపిస్తే ఎప్పుడూ రెండు తీసేసి చదవాలి. నాలుగు చూపిస్తే వెనక్కి ఇచ్చేయండి. జ్వరం చూసే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు, అది 35 దగ్గరే మొదలవుతుంది.

తర్వాత మూడు రోజులు, పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి నీళ్ల వేడి రాయండి. పక్కనే గది వేడి కూడా రాస్తే ఇంకా మంచిది. ఈ తొమ్మిది అంకెలే మీ ఇంటి జాతకం. ఉదాహరణకు 27, 31, 29 వస్తే మీకు కావాల్సింది మధ్యాహ్నం సాయం మాత్రమే, హీటర్ అక్కర్లేదు. 21, 24, 23 వస్తే ఫ్యాను మాట మరచిపోయి హీటర్ కొనండి. కొలవకుండా ఏ పరికరమూ కొనొద్దు.

4. బకెట్ పద్ధతి

మార్చే నీళ్లు ముందు రోజే బకెట్లో పట్టి, ట్యాంకు ఉన్న గదిలోనే ట్యాంకు పక్కన 24 గంటలు ఉంచండి. రెండు పనులు జరుగుతాయి: మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్ చాలావరకు పోతుంది, నీళ్లు గది వేడికి వస్తాయి. (తొందర ఉంటే క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు వాడొచ్చు. వేడికి మాత్రం చుక్కల మందు లేదు.) వేసవిలో నీళ్లు పట్టడం తెల్లవారుజామునే.

పోసే ముందు బకెట్లో ఒకసారి, ట్యాంకులో ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. తేడా ఒక డిగ్రీ లోపు ఉంటేనే పోయండి. చలికాలంలో బకెట్ చల్లగా ఉంటే, అందులోవే రెండు చెంబుల నీళ్లు స్టవ్ మీద వెచ్చబెట్టి బకెట్లో కలిపి మళ్లీ కొలవండి. వేడినీళ్లు నేరుగా ట్యాంకులో పోయొద్దు.

ఒక్కసారికి నాలుగో వంతు కంటే ఎక్కువ మార్చొద్దు. చెంబుతో నెమ్మదిగా, చేపకు దూరంగా పోయండి.

5. ఎండాకాలం: ఫ్యాను

మూత తీసేయండి. ఫైటర్ ఎగిరి దూకే చేప, కాబట్టి మూత బదులు దోమల జాలీ బిగించండి. చిన్న ఫ్యానును అంచున పెట్టి, గాలి నీళ్ల పైపొరను ఏటవాలుగా తాకేలా తిప్పండి. నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. కొత్త కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది.

ఈ విషయంలో మనకు అదృష్టం ఉంది. నెల్లూరులో, మచిలీపట్నంలో ఉక్కపోతకు ఈ ఫ్యాను పెద్దగా పనిచేయదు. మన సీమ గాలి పొడి గాలి. ఏప్రిల్, మే నెలల్లో గది కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువలో నీళ్లను ఉంచుతుంది. వాన పట్టిన రోజుల్లో మాత్రం ఇంత ఫలితం ఉండదు, ఆ రోజుల్లో అంత అవసరమూ ఉండదు.

మధ్యాహ్నం వేడెక్కాక ఫ్యాను వేయడం కాదు, పొద్దున తొమ్మిదింటికే వేయాలి. వేడిని దించడం కంటే ఎక్కకుండా ఆపడం తేలిక. రాత్రి నీళ్లు 27కు రాగానే ఆపేయండి.

ఫ్యాను నడిస్తే నీళ్లు రోజూ తగ్గుతాయి. నీళ్లు ఆవిరవుతాయి గానీ అందులోని ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. అసలే మన బోరు నీళ్లు గట్టివి, గాజు మీద తెల్లటి చార మీరు చూసే ఉంటారు. అందుకని తగ్గిన మేరకు భర్తీ చేసేటప్పుడు ఇంట్లోని ఆర్‌వో నీళ్లు పోయండి, అవి కూడా గదిలో ఉంచినవే. వారానికోసారి చేసే నీళ్ల మార్పిడికి మాత్రం ఎప్పుడూ వాడే నీళ్లే వాడండి. మొత్తం ఆర్‌వోకు మారొద్దు.

కరెంటు ఫ్యాను కుదరని వాళ్లు పాత నూలు పంచె తడిపి ట్యాంకు మూడు వైపులా చుట్టి, కొస ఒక పళ్లెం నీళ్లలో ఉండేలా పెట్టండి. అప్పుడు ఆ పక్కల థర్మకోల్ తీసేయాలి.

6. ఐసు సీసా, లెక్క ప్రకారం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఫ్యాను ఒక్కటే చాలకపోవచ్చు. 200 మిల్లీలీటర్ల సీసాలో ముప్పావు వంతు నీళ్లు నింపి గడ్డ కట్టించండి (నిండా పోస్తే పగులుతుంది). బయట కడిగి, మూత బిగించి ట్యాంకులో తేలనివ్వండి. 20 లీటర్ల ట్యాంకులో అలాంటి సీసా పూర్తిగా కరిగితే నీళ్లు సుమారు ఒక డిగ్రీ దిగుతాయి. అదే సీసా ఐదు లీటర్ల గిన్నెలో వేస్తే దాదాపు నాలుగు డిగ్రీలు పడిపోతాయి. చేపను కాపాడబోయి చంపడం అంటే ఇదే.

గంటకు ఒక్క సీసా. కరిగాక కొలవండి. ఇంకా 31 మీద ఉంటేనే రెండోది. 29కి వచ్చిందా, ఆపేయండి. మే నెలలో 26 కోసం పాకులాడొద్దు. 29, 30 మధ్య నిలకడగా ఉంచగలిగితే మీరు గెలిచినట్టే. ఐసు ముక్కలు నేరుగా నీళ్లలో ఎప్పుడూ వేయొద్దు.

నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఫైటర్ నీళ్లపైకి వచ్చి గాలి పీల్చగలదు కాబట్టి మిగతా చేపలంత త్వరగా ఉక్కిరిబిక్కిరి కాదు. మిగిలిన మేత మాత్రం వేడిలో త్వరగా కుళ్లి నీళ్లను విషం చేస్తుంది. ఎండాకాలం మేత తగ్గించండి, మిగిలింది వెంటనే తీసేయండి.

7. చలికాలం: హీటర్

"మనకు హీటర్ ఎందుకు, సీమలో చలి ఎక్కడిది?" అంటారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ట్యాంకులో చెయ్యి పెట్టి కాదు, థర్మామీటర్ పెట్టి చూడండి. అనంతపురంలో మా అక్క వాళ్లింట్లో బండల నేల మీద పెట్టిన ట్యాంకు పొద్దున ఆరింటికి 20 చూపించింది. చేప రంగు వెలిసిపోయి, రెక్కలు ముడుచుకుని మొక్క వేరు పక్కన పడుకుని ఉంది. హీటర్ పెట్టి, రోజుకు రెండు డిగ్రీల చొప్పున 26కు తెచ్చాం. నాలుగో రోజు మేతకు పైకి వచ్చింది.

లీటరుకు సుమారు ఒక వాటు చాలు. 20 లీటర్లకు 25 వాట్లది, 40 లీటర్లకు 50 వాట్లది. "పెద్దది తీసుకోండి, త్వరగా వేడెక్కుతుంది" అంటే ఒప్పుకోకండి. హీటర్‌లోని థర్మోస్టాట్ ఎప్పుడో ఒకప్పుడు ఆగకుండా ఇరుక్కుపోవచ్చు. చిన్న హీటర్ అయితే మీరు గమనించే వ్యవధి ఉంటుంది, 100 వాట్లది అయితే చేప ఉడికిపోతుంది.

పెట్టే క్రమం ఇది:

- ముందు హీటర్‌ను చేప లేని బకెట్ నీళ్లలో ఒక రోజంతా నడిపి చూడండి. 26 దగ్గర పెడితే 25–27 మధ్య ఆగాలి.
- ట్యాంకులో పెట్టాక 15 నిమిషాలు ఆగి ప్లగ్గు పెట్టండి. హీటర్ మీది గీత దాకా నీళ్లు ఎప్పుడూ ఉండాలి.
- వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి. వైరు వెంట జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద రాలిపోతుంది.
- ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు, నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసేయండి. వేడి గాజు గాలికి తేలితే పగులుతుంది, కాబట్టి తీశాక 15 నిమిషాలు ఆగాలి. ఇందులో బద్ధకం వద్దు, ఇది మీ ప్రాణం సంగతి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే పెట్టించుకోండి.
- హీటర్ ఒక మూల, థర్మామీటర్ దానికి ఎదురు మూల.

చలికాలంలో జాలీ మీద మూత కూడా వేయండి. నీళ్లపైన ఉండే గాలి వెచ్చగా ఉండాలి. ఫైటర్ పీల్చేది ఆ గాలే. శివరాత్రి దాటాక హీటర్ తీసేయొచ్చు, కానీ ముందు మూడు రోజులు పొద్దుటి అంకె రాసి చూసి.

8. కరెంటు పోతే

వేసవిలో: ఫ్యానుకు పవర్ బ్యాంకు తగిలించండి, ఐసు సీసా సిద్ధంగా ఉంచండి. చలికాలంలో: మూత వేసి ట్యాంకు మీద దుప్పటి కప్పండి, గాలికి కొంచెం సందు వదిలి. 20 లీటర్లు, చుట్టూ థర్మకోల్ ఉంటే రెండు మూడు గంటల కోతకు టెన్షన్ అక్కర్లేదు. ఇన్వర్టర్ ఉన్న వాళ్లకు 25 వాట్ల హీటర్ పెద్ద బరువు కాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

కొళాయి నీళ్లు నేరుగా పోయడం గురించి పైనే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను: వద్దు. దాని తర్వాతది కూలర్ గాలి నేరుగా ట్యాంకుకు తగిలేలా పెట్టడం. గది చల్లబడడం మంచిదే, గాలి మాత్రం పక్కకు పోవాలి. ఆ గదిలోనే దోమల మందు మెషిన్ పెట్టడం ఇంకో తప్పు. ఆ మందులు చేపలకు విషం, ఫ్యాను వాటిని నీళ్లలోకి కొడుతుంది.

షాపు నుంచి కొత్త చేపను ఎండలో బండి మీద తేవడం కూడా చూస్తుంటాను. కవర్లో అర లీటరు నీళ్లు పది నిమిషాల్లో కాగిపోతాయి. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, తడి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టి తెండి. ఇంటికి వచ్చాక కవరు విప్పకుండా ట్యాంకులో 20 నిమిషాలు తేలనివ్వండి, తర్వాత కొంచెం కొంచెంగా ట్యాంకు నీళ్లు కలపండి.

చేప అడుగున ఉంటే జబ్బని వెంటనే మందు వేసేస్తారు. ముందు థర్మామీటర్ చూడండి. చలి తగిలిన వారంలో ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అప్పుడు మందు సంగతి.

సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

నోటుబుక్కు తీయండి. వరసగా వారం రోజులు మూడు పూటల అంకెల మధ్య తేడా రెండు డిగ్రీల లోపు ఉందా? ఉంటే మీ ఏర్పాటు నిలబడినట్టే; ఇక రోజుకు ఒక్కసారి, వేసవిలో మధ్యాహ్నం మూడింటికి, చలికాలంలో పొద్దున ఆరింటికి చూస్తే చాలు.

చేపను కూడా చూడండి. మీరు దగ్గరికి రాగానే ముందుకు రావాలి, రెక్కలు విప్పారి ఉండాలి, మేతను వెంటనే అందుకోవాలి. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగడం దానికి మామూలే. క్షణం క్షణం పైకి వస్తూ, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే నీళ్లు వేడిగా ఉన్నాయి. రెక్కలు ముడుచుకుని, మేత ఉమ్మేస్తుంటే చల్లగా ఉన్నాయి. రెండు సందర్భాల్లోనూ ముందు కొలవండి, తర్వాత చెయ్యి పెట్టండి.

పండక్కి ఊరెళ్లాల్సి వస్తే, పక్కింటి వాళ్లకు మేత డబ్బా ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఫైటర్ మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉంటుంది. బదులుగా ఇంటి తాళం చెవి, ఒక కాగితం ఇవ్వండి. కాగితం మీద ఇంతే రాయండి: "థర్మామీటర్ 24 నుంచి 30 మధ్య ఉంటే ఏమీ చేయొద్దు. అంతకు మించినా తగ్గినా నాకు ఫోన్ చేయండి."